కంటికి కనపడని పదును

'పదును' అనే మాట తెలుగునాట మూడు పనులు చేస్తుంది. మృగశిరలో నాలుగు చినుకులు గట్టిగా పడితే 'నేల పదునైంది' అంటాడు రైతు. నాగలి దిగేంత మెత్తబడిందని అర్థం. కోతకు వెళ్లే కూలీ కొడవలి అంచు మీద బొటనవేలు ఆనించి 'పదునుగానే ఉంది' అంటుంది. వరి గంట చేతికి పట్టు దొరకగానే తెగుతుందని అర్థం. కమ్మరి కొలిమి దగ్గర మూడో అర్థం ఉంది. ఎర్రగా కాలిన ఇనుమును నీళ్లలో ముంచి, మళ్లీ కాస్త సెగ తగలనిచ్చి, అటు వంగకుండా ఇటు విరగకుండా చేయడాన్ని ఆయన పదును పెట్టడం అంటాడు. నేలకు మెత్తదనం, అంచుకు వాడి, ఇనుముకు గట్టిదనం... పైకి ఒకదానికొకటి పొసగని అర్థాలివి. లోపలి సంగతి మాత్రం ఒకటే. ఎక్కువ తక్కువల్లేకుండా, చేయాల్సిన పనికి సరిగ్గా అమరడం.

ఈ మూడో పదునే ఇవాళ ప్రపంచమంతా విస్తరించిన పెద్ద పరిశ్రమ. దాని పేరు హీట్ ట్రీట్‌మెంట్. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఆ బోర్డు పెద్దగా కనపడదు కానీ, అది చేసి పంపిన సరుకు లేకుండా ఈ మూడు ఊళ్లలో ఒక్కరోజు కూడా గడవదు. లారీ కింద కమాను పట్టీ, ట్రాక్టరు వెనక రోటవేటరు బ్లేడు, రైస్‌మిల్లులో బేరింగు, సిమెంటు ఫ్యాక్టరీలో రాయిని పిండి చేసే గుండు, ఆఖరికి ఇంట్లో కుట్టు మిషను సూది... అన్నీ ఎక్కడో ఒకచోట కొలిమిలాంటి దాన్ని చూసి వచ్చినవే.

కొలిమి దగ్గర ఏం జరిగేదంటే...

కొడవలి చేయడమంటే ఇనుము సాగగొట్టి వంపు తిప్పడమే అనుకుంటారు చాలామంది. అది సగం పనే. వంపు తిరిగి, అంచు పలచబడి, కక్కులు కొట్టాక అసలు పని మొదలవుతుంది. తిత్తి ఊదుతుంటే బొగ్గుల మధ్య కొడవలి రంగు మారుతూ ఉంటుంది. ముందు మసక ఎరుపు, తర్వాత పండు మిరప ఎరుపు, ఆ పైన నారింజ. పండు మిరప దాటి నారింజకు తిరగబోయే ఆ క్షణాన్ని పట్టుకోవాలి. అందుకే చాలా కొలుములు చెట్టు నీడనో పాక కిందో ఉండేవి. ఎండలో ఎరుపు తెలియదు మరి! అదను చూసి పట్టకారుతో తీసి అంచు వరకే నీళ్లలో ముంచుతాడు. చుయ్‌మంటుంది. వెంటనే బయటికి తీసి, మసి గీకేసి, కళ్లు చిట్లించి చూస్తాడు. వెనక భాగంలో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు పాకుతుంటే, మెరిసే లోహం మీద పలచటి రంగులు నడుస్తాయి. ముందు గడ్డి రంగు, ఆ వెనక గోధుమ, ఆ వెనక వంగపండు రంగు, చివర్న నెమలి మెడ నీలం. కొడవలికి ఓ రంగు, గొడ్డలికి ఓ రంగు, ఉలికి ఓ రంగు. కావాల్సింది అంచుకు చేరగానే మళ్లీ నీళ్లలో వేసేస్తాడు. అంతే, రంగు అక్కడ ఆగిపోతుంది.

లెక్క కడితే గడ్డి రంగు దగ్గర దగ్గర 220 డిగ్రీలు, నీలం 300. థర్మామీటరు లేకుండా ఆ తేడా పట్టిన కన్ను అది. ఇందులో మంత్రమేమీ లేదు. తండ్రి పక్కన కూర్చుని తిత్తి ఊదిన ఏళ్లే ఆయనకు డిగ్రీ పట్టా.

లోహం లోపల జరిగేది కూడా చిత్రమే. ఉక్కు అంటే ఇనుములో కాస్తంత కర్బనం. కొడవలికో కమాను పట్టీకో నూటికి అర పాలో, అంతకు కొంచెం ఎక్కువో ఉంటుంది. ఎనిమిది వందల డిగ్రీలు దాటించి కాల్చినప్పుడు కర్బనం అణువులు ఇనుము అణువుల మధ్య హాయిగా సర్దుకుంటాయి. మెల్లగా చల్లారనిస్తే మళ్లీ ఎవరిదారిన వాళ్లు పక్కకు తప్పుకుంటారు, ఉక్కు మెత్తగానే ఉండిపోతుంది. ఒక్కసారిగా చల్లబరిస్తే తప్పుకునే వ్యవధి ఉండదు. సంక్రాంతి ముందురోజు హైదరాబాద్ నుంచి కోదాడ మీదుగా వెళ్లే బస్సును తలుచుకోండి. తలుపు మూశాక ఎవరి చెయ్యి ఎక్కడుంటే అక్కడే! కదలడానికి చోటు లేకపోవడమే ఇక్కడ గట్టిదనం. మార్టెన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు మీద దీన్ని మార్టెన్‌సైట్ అంటారు. అయితే అంత కిక్కిరిసిన ఉక్కు గాజులాంటిది, కింద పడితే పగిలినా పగులుతుంది. అందుకే మళ్లీ కాస్త వేడి చూపించాలి. నార్కెట్‌పల్లిలో నలుగురు దిగితే మిగతావాళ్లు ఊపిరి పీల్చుకున్నట్టు, కొంత బిగువు సడలుతుంది. గట్టిదనం కొంచెం తగ్గి, దెబ్బకు ఓర్చుకునే గుణం వస్తుంది. కమ్మరి నడిపించిన రంగుల్లో ఉన్నది ఈ రెండో అంకమే.

ధాన్యం మీది, మర మాది

హీట్ ట్రీట్‌మెంట్ వ్యాపారం ఎలా నడుస్తుందో మిర్యాలగూడ వాళ్లకు చెప్పినంత తేలిగ్గా ఇంకెవరికీ చెప్పలేం. అక్కడి మిల్లులు ప్రభుత్వ ధాన్యాన్ని తీసుకుని బియ్యం చేసి తిరిగి అప్పగిస్తాయి. కస్టమ్ మిల్లింగ్ అంటారు. క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అని లెక్క. ధాన్యం మిల్లరుది కాదు, ఆయనది ఆడించే పని. లోహాల్లోనూ అంతే. గేర్లు తయారుచేసే కంపెనీ తన గేర్లను లారీలో పంపుతుంది. కొలిమి ఉన్న కంపెనీ కాల్చి, చల్లార్చి, వెనక్కి పంపి కిలోకు ఇంతని బిల్లు వేస్తుంది. వచ్చిన సరుకే తిరిగి వెళ్తుంది. ఆకారం మారదు, రంగు పెద్దగా మారదు.

ఆ మాటకొస్తే ఉప్పుడు బియ్యమే ఓ రకం హీట్ ట్రీట్‌మెంటు. యాసంగి ధాన్యం ఎండలకు లోపల చిట్లి మర ఆడిస్తే నూకవుతుంది. నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెడితే గింజ బిగుస్తుంది, విరగదు. మిర్యాలగూడ మిల్లుల వెనక నిలువెత్తు పొగ గొట్టాలు ఉన్నది అందుకే. వేడితో గింజ స్వభావం మార్చడం ఆ ఊరికి కొత్త విద్య కాదు.

ఈ కూలి పనిలో ప్రపంచంలో ముందున్న పేరు బాడీకోట్. ఇంగ్లండ్ కంపెనీ. తమాషా ఏంటంటే 1923లో అది పుట్టింది బట్టల వ్యాపారంగా! తర్వాత తర్వాత లోహాల వైపు మళ్లి, బట్టలు వదిలేసి, ఇరవైకి పైగా దేశాల్లో నూటికి పైగా కేంద్రాలున్న సంస్థగా ఎదిగింది. 2001లో అమెరికాలో పేరున్న లిండ్‌బర్గ్ అనే కొలిమి కంపెనీని కూడా కొనేసింది. విమానం ఇంజిన్ల భాగాల నుంచి కార్ల గేర్ల దాకా దాని చేతుల మీదుగా వెళ్తాయి. అమెరికాలోనే సెయింట్ లూయిస్‌లో 1943లో మొదలైన పాలో, గాలి తీసేసిన వాక్యూమ్ కొలుములకు పేరుపడ్డ పెన్సిల్వేనియా కంపెనీ సోలార్ అట్మాస్ఫియర్స్ కూడా ఈ రంగంలో పెద్దవే. గాలి తీసేయడం ఎందుకంటే, వేడి లోహాన్ని గాలి తగిలితే పైన పొక్కు కడుతుంది. కొలిమిలో కొడవలి మీద పెచ్చులుగా రాలే నల్లటి పొర అదే. విమానం భాగం మీద అలాంటి పెచ్చు ఒప్పుకోరు.

మన దేశంలో కార్లు, మోటారు సైకిళ్ల ఫ్యాక్టరీలు ఎక్కడుంటే ఈ కొలుములూ అక్కడే. పుణె, చెన్నై, బెంగళూరు, లూధియానా, రాజ్‌కోట్. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు వెళ్తే చిన్న షెడ్లలో కనిపిస్తాయి. గేర్లను తొమ్మిది వందల డిగ్రీల పైన, కర్బనం నిండిన వాయువులో గంటల తరబడి ఉంచుతారు. పైన సుమారు మిల్లీమీటరు మందాన గట్టి పొర ఏర్పడుతుంది, లోపల మాత్రం దెబ్బకు ఓర్చుకునేలా మెత్తగా ఉంటుంది. గారె గుర్తుకు తెచ్చుకుంటే చాలు. పైన కరకర, లోన మెత్తన. రెండూ ఉంటేనే అది గారె.

ఎవరు చూడొచ్చారు?

ఇక్కడే ఈ వ్యాపారంలోని పెద్ద చిక్కు. బియ్యం చేతిలో పోసుకుంటే నూకెంతో తెలుస్తుంది. చీర రంగు నీళ్లలో వేస్తే తెలుస్తుంది. పదును పెట్టిన బ్లేడునూ పెట్టని బ్లేడునూ పక్కపక్కన పెడితే కొనేవాడికి ఏ తేడా తెలియదు. లోపలేముందో పూర్తిగా తెలియాలంటే కోసి, నున్నగా సానపట్టి, మైక్రోస్కోపు కింద పెట్టాలి. కోశాక ఇక ఆ బ్లేడు దున్నడానికి పనికిరాదు!

అందుకే పెద్ద కంపెనీలు ఈ పనిని 'స్పెషల్ ప్రాసెస్' అంటాయి. సరుకును చూసి నమ్మలేం కాబట్టి పని చేసే తీరును చూసి నమ్మాలని అర్థం. విమాన పరిశ్రమ 1990లో నాడ్‌క్యాప్ అనే తనిఖీ పద్ధతి పెట్టుకుంది. కార్ల పరిశ్రమ 2006లో సీక్యూఐ-9 పేరుతో తన నియమాలు తెచ్చుకుంది. కొలిమిలో ఏ మూల ఎంత వేడి ఉంది, ఆ వేడి చెప్పే తీగ నిజం చెబుతోందా, నూనె వెచ్చదనం ఎంత, ఏ బుట్టలో ఏ ముక్కలు ఎన్ని గంటలకు వెళ్లాయి... అన్నీ కాగితం మీద ఉండాల్సిందే. పెద్ద కంపెనీల గొప్పతనం కొలుముల్లో కంటే ఈ కాగితాల్లోనే ఎక్కువ ఉందంటే తప్పు కాదు.

కోయకుండా కొంతయినా తెలుసుకునే ఉపాయం కనిపెట్టింది ఇద్దరు రాక్‌వెల్‌లు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఓ బేరింగుల కంపెనీలో పనిచేసిన హ్యూ రాక్‌వెల్, స్టాన్లీ రాక్‌వెల్. బేరింగు చక్రాలకు పదును సరిగ్గా పడిందో లేదో త్వరగా తేల్చే దారి వాళ్లకు కావాల్సి వచ్చింది. గట్టి మొనను లెక్క ప్రకారం బరువుతో నొక్కి, ఎంత లోతు దిగిందో చూసి అంకె చెప్పే మిషను తయారుచేశారు. 1914లో పేటెంటుకు పెడితే 1919లో వచ్చింది. స్టాన్లీ ఆ తర్వాత హార్ట్‌ఫర్డ్‌లో సొంతంగా హీట్ ట్రీట్‌మెంట్ కంపెనీ పెట్టుకున్నాడు. ఇప్పుడు ప్రపంచంలో ఏ కొలిమి కంపెనీకి వెళ్లినా ఆ మిషను ఉంటుంది. మనం పడే గాటు సూది మొనంత. బ్లేడుకు నష్టమేమీ లేదు.

మన కమ్మరికీ ఓ పరీక్ష ఉండేది. ఆకురాయితో అంచు మీద గీస్తాడు. ఆకురాయి కరిచి పొడి రాలితే మెత్తన. గాజు మీద జారినట్టు జారితే గట్టి. అంకె చెప్పలేదు కానీ అబద్ధం కూడా చెప్పదు.

ఇస్ఫహాన్ షావుకారు

నమ్మకం కుదరక కొనేవాడే వచ్చి కొలిమి ముందు కూర్చున్న కథ తెలంగాణలోనే జరిగింది. ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దలు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లేవి. డమాస్కస్ కత్తులుగా లోకం మెచ్చుకున్న వాటికి ఇలాంటి ఉక్కే ముడిసరుకు. మన 'ఉక్కు' అనే మాటే పాశ్చాత్యుల నోట 'వూట్జ్' అయిందని చాలామంది పండితులు చెబుతారు. 1820లో వాయ్సీ అనే వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు కోనసముద్రం వచ్చి కళ్లారా చూసి రాసుకున్నాడు. మూసలోంచి తీసిన ముద్ద అప్పుడే సాగదు, కొడితే పగులుతుంది. దానికి మట్టి పూసి మళ్లీ కొలిమిలో పన్నెండు, పదహారు గంటలు కాల్చేవారు. తీసి చల్లార్చి మళ్లీ కాల్చేవారు. మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు. సుత్తి దెబ్బకు ఒదిగే మెత్తదనం వచ్చేదాకా ఇదే పని. ఇవాళ్టి కంపెనీల బిల్లుల్లో 'అనీలింగ్' అని రాసేది ఇదే.

వాయ్సీ వెళ్లినప్పుడు ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకాయన అక్కడే మకాం వేసి ఉన్నాడు. పనిని దగ్గరుండి చూసుకుంటూ, మూసల్లో వేసే దినుసులను తూకం వేయించుకుంటూ. వేల మైళ్లు వచ్చి ఆయన చేసింది ఇప్పటి నాడ్‌క్యాప్ తనిఖీదారు చేసే పనే! ముద్దను చూస్తే లోపలి గుణం తెలియదు, చేసేటప్పుడు చూస్తేనే తెలుస్తుందని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కోనసముద్రం కొలుములు ఆరిపోయి చాలా కాలమైంది. ఆ ఊరి పరిసరాల్లో చిట్టెపు రాళ్లు, విరిగిన మూసలు మాత్రం పరిశోధకులకు దొరుకుతూనే ఉన్నాయి.

కోనసముద్రం విద్య నేరుగా వచ్చి చేరింది కాదు కానీ, లోహ విద్యలో తెలంగాణకు మళ్లీ చోటు దక్కింది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో. 1973లో అక్కడ మిశ్రధాతు నిగమ్ మొదలైంది. అందరూ మిధాని అంటారు. పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు మొదటి దశ గొట్టానికి వాడే మారేజింగ్ ఉక్కు అక్కడ తయారవుతుంది. దీని దారి వేరు. నీళ్లలో ముంచితే వచ్చే బలం కాదు. ఐదు వందల డిగ్రీల లోపు వేడిలో గంటల కొద్దీ ఓపిగ్గా ఉంచితే వచ్చే బలం.

అన్నా, ఈ బ్లేడు మంచిదేనా?

రాకెట్టు గొట్టానికి ఇంత కథ ఉంటే రోటవేటరు బ్లేడుకు ఎంతుంది? సాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు నేలంతా వరి అయింది. వరితో పాటు ట్రాక్టర్లు వచ్చాయి, ఆ వెనక కోత మిషన్లూ వచ్చాయి. కొడవలికి పని తగ్గింది, కర్రుకు పనే లేకుండా పోయింది. సీజను ముందు కొలిమి దగ్గర వరస కట్టిన రైతు ఇప్పుడు స్పేర్ పార్టుల షాపు కౌంటరు ముందు నిలబడుతున్నాడు.

'అన్నా, ఈ బ్లేడు మంచిదేనా?'

'ఫస్ట్ క్లాసు. తీస్కపో అన్నా.'

సంభాషణ అంతటితో సరి. బ్లేడు మీద రంగు బాగుంటుంది. డబ్బా మీద బొమ్మ బాగుంటుంది. రెండు రకాలుంటే ఒకటి ఎందుకు చవకో షాపులో కుర్రాడికీ తెలియదు. అంచు గట్టిగా ఉండాలి, అరగకుండా. బోల్టు బిగించే చోట గట్టిదనం తక్కువుండాలి, రాయి తగిలితే విరగకుండా. ఒకే బ్లేడులో రెండు పదునులన్నమాట. ఇది నిష్ఠగా చేయాలంటే ఖర్చు. చేయకపోతే వెంటనే ఎవరికీ తెలియదు. తెలిసేది దమ్ములో. మెత్తబడ్డది నాలుగు ఎకరాలకే అరుగుతుంది, మరీ గట్టిపడ్డది చెలకలో రాయికి తగిలి టప్పున తెగుతుంది. అద్దె ట్రాక్టరు గంటల లెక్కన నడుస్తుంటుంది, నాట్లకు మనుషులు గట్టు మీద కూర్చుని ఉంటారు. పోయేది బ్లేడు ఖరీదు ఒక్కటే అయితే ఇంత చెప్పుకోవాల్సిన పని లేదు.

కమ్మరి చేసిన కొడవలి కూడా కొన్నిసార్లు మొద్దుబారేది, విరిగేది. కానీ ఆయన అదే ఊళ్లో ఉండేవాడు. 'ఏందయ్యా, ఇట్ల జేసినవ్' అని వెళ్లి పడేస్తే మళ్లీ కాల్చి ఇచ్చేవాడు. కళ్లంలో మేర కొలిపించుకోవాలి కదా. పెద్ద కంపెనీ దగ్గర విమానం వాడికి కాగితం ఉంది, కొలిమి దగ్గర రైతుకు కమ్మరి ముఖం ఉండేది. మధ్యలో షాపు కౌంటరు దగ్గర నిలబడ్డవాడికి ఈ రెండూ లేవు.

సూర్యాపేటలో జాతీయ రహదారి మీద కమాను పట్టీల పనిలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కమాను పట్టీని ఫ్యాక్టరీలో కాల్చి, వంచి, నూనెలో ముంచి, మళ్లీ సెగ పెట్టి పంపుతారు. ఈ తయారీలో దేశంలో పెద్ద పేరు హర్యానా కంపెనీ జమ్నా ఆటో. ఏళ్ల తరబడి బరువు మోసి పట్టీ చదునైతే మళ్లీ వంపు తెప్పించాలి. తెలిసిన మేస్త్రీ చల్లగా ఉండగానే సుత్తి దెబ్బలతో, ఓపిగ్గా వంపు ఎక్కిస్తాడు. తొందరపడేవాడు గ్యాసు మంట పెట్టి వంచేస్తాడు. వంపు అందంగానే వస్తుంది. కానీ మంట తగిలిన చోట ఫ్యాక్టరీ పెట్టిన పదును పోతుంది, లోడు పడగానే అక్కడే కూర్చుంటుంది. డ్రైవరుకు ఈ సంగతి తెలిసే ఉంటుంది, మంట వెలిగిస్తే వద్దని అరుస్తాడు కూడా. ఆ పాత పట్టీలే చివరికి మిగిలిన కొద్ది కొలుములకు చేరి కత్తులు, గొడ్డళ్లు అవుతాయి. మంచి ఉక్కని కమ్మరులకు వాటి మీద గురి. అయితే దీన్ని నీళ్లలో ముంచితే పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది, నూనెలోనే చల్లార్చాలి. తాత నీళ్ల తొట్టి పక్కన మనవడు వాడేసిన ఇంజినాయిలు డబ్బా పెట్టుకున్నాడంటే కారణం అదే. విద్య అక్కడ ఆగిపోలేదనడానికి ఆ నల్లటి డబ్బాయే సాక్ష్యం.

ఈ మూడు ఊళ్లకూ బాడీకోట్ రావాలని కోరుకోవడం అత్యాశే. అంత పెద్ద కొలిమికి రోజూ టన్నుల్లో సరుకు కావాలి, ఇక్కడ అన్ని గేర్లు చేసేవాళ్లు లేరు. పరీక్ష మాత్రం దూరం పోనక్కర్లేదు. ఈ పట్టణాల చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, పాలిటెక్నిక్‌లున్నాయి. మెకానికల్ చదివే పిల్లలకు లాబులో రాక్‌వెల్ పరీక్ష సిలబస్‌లోనే ఉంటుంది. ఏళ్ల తరబడి అవే ఉక్కు ముక్కలు పెట్టి, అవే అంకెలు రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటారు. దానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో రైతు షాపు కౌంటరు ముందు రెండు బ్లేడులు చెరో చేతిలో పట్టుకుని తూకం చూస్తుంటాడు.

ఆ రెండు బ్లేడులూ ఓ సంచిలో వేసుకుని కాలేజీ గేటు దాకా వెళ్తే, రంగు గీకి, అంచు దగ్గర మూడు గాట్లు, బోల్టు దగ్గర మూడు గాట్లు పెట్టి చెప్పడానికి పావుగంట చాలు. ఓ కుర్రాడు మిషను తిప్పుతాడు, ఒకడు అంకె చదువుతాడు, ఇంకొకడు రాస్తాడు. సీజను ముందు వారం రోజులు వచ్చిన బ్లేడునల్లా అలా చూసి, ఏ రకానికి ఎంత వచ్చిందో కాగితం మీద రాసి మార్కెట్ యార్డు గోడకు అతికించినా చాలు. ఆ కాగితం ముందు రైతుల కంటే ముందే షాపుల వాళ్లు చేరతారు.